తాళింపు వెయ్యని పప్పు

మా అత్త కాలేజీ వంటగదిలో నేల మీద గొంతుక్కూర్చుని కట్టెల పొయ్యి ఊదుతోంది. ఇక్కడ కట్టెలు కాల్చకూడదు, కాలిస్తే పైకప్పులోని గంట మోగి అందరినీ బయటికి పంపించేస్తారు, అయినా పొయ్యి మండుతూనే ఉంది, గంట మోగడం లేదు, స్టీలు బల్లల వరుస మాత్రం ఎక్కడిదాకా ఉందో తెలియకుండా పొగలోకి వెళ్ళిపోతోంది. నేను తెల్లకోటు, పొడుగు టోపీ వేసుకుని ఒక బల్ల దగ్గర నిలబడి ప్లేటు అంచును గుడ్డతో తుడుస్తున్నాను, ఎంత తుడిచినా ఎక్కడో ఒక చుక్క మిగిలిపోతోంది. అత్త పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు. తెలిసినా ఆశ్చర్యం వెయ్యడం లేదు, బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిన మనిషి మీద వచ్చేలాంటి కోపం కొంచెం వస్తోంది, అంతే.

"ఏందే ఆ తుడవటం? దాని రంగు పోయిందాకా తుడుస్తావా?" అంటోంది అత్త, తల తిప్పకుండానే.

"ఇట్టాగే చెయ్యాలత్తా. అంచు మీద మరకుంటే మార్కులు పోతాయి."

"అంచు సంగతి సరే, మధ్యలో కూడేదే?"

చూస్తే నిజంగానే ప్లేటులో ఏమీ లేదు. ఇంతసేపూ ఖాళీ ప్లేటే తుడుస్తున్నాను. సిగ్గుపడి దాన్ని కోటు జేబులో పెట్టుకుంటున్నాను, అది బుద్ధిగా జేబులో పట్టేస్తోంది, నేను అత్త పక్కకు వెళ్ళి కూర్చుంటున్నాను. పొగ కళ్ళలోకి రావడం లేదు. అత్త భుజానికి నా భుజం తగలడం కూడా తెలియడం లేదు, అక్కడ ఉన్నట్టే ఉంది, ఆనుకుంటే మాత్రం ఏమీ లేదు.

మా అత్త పేరు సంతోషమ్మ. మా నాన్నకు అక్క. అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది ఆవిడే. రేపల్లె అవతల, కాలువ పక్కనున్న మా ఊళ్ళో ఎవరింట మనిషి పోయినా ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి, వాళ్ళు మట్టి చేసి వచ్చేసరికి అన్నం, పప్పు వండి పట్టుకెళ్ళేది అత్త. చర్చికి వచ్చేవాళ్ళా రానివాళ్ళా అని చూసేది కాదు, ఏ బజారు వాళ్ళా అని చూసేది కాదు, ఆ పని చెయ్యమని ఆవిడకు ఎవరూ చెప్పనూ లేదు. సంతోషమ్మ గిన్నె పట్టుకుని బయల్దేరిందంటే ఎవరో పోయినట్టే అని ఊరు ఎగతాళి చేసేది. ఎగతాళి చేసినవాళ్ళే తమ ఇంటిదాకా వచ్చినప్పుడు ఆవిడ కోసం వీధి వైపు చూసేవాళ్ళు.

ఆ పప్పుకు అత్త తాళింపు వెయ్యదు. ఏడుస్తున్న ఇంటి చుట్టుపక్కల ఆవాలు చిటపటమనకూడదంటుంది, ఆ చప్పుడూ ఆ వాసనా పండగకి గాని పోయినింటికి కాదంటుంది. కందిపప్పు, టమాటా, చింతపండు, పసుపు, ఉప్పు, కారం తగలీ తగలకుండా ఒక పచ్చిమిరపకాయ. ఏడ్చి ఏడ్చి పూడుకుపోయిన గొంతులో దానంతటది జారిపోవాలి.

కాలేజీలో మాకు వంట నేర్పే చెఫ్ సారు మా వెనక నిలబడి ఉన్నారు. ఆయనకు టోపీ ఉంది, టోపీ కింద ముఖం ఎక్కడుందో సరిగ్గా కనిపించడం లేదు.

"కెజియా, తాళింపు లేకుండా పప్పేమిటి? ఇది భోజనం వరసలో ఎక్కడ వడ్డిస్తారు, మొదట్లోనా, చివర్లోనా?"

"చివరి దాని తరవాత సార్," అంటున్నాను. ఆయన అది కాగితం మీద రాసుకుంటూ పొగలోకి వెళ్ళిపోతున్నారు.

పప్పు ఉడికిపోయింది. ఎప్పుడు పోసిందో, ఎప్పుడు ఉడికిందో తెలియదు, అన్నం కూడా గంజి వార్చి సిద్ధంగా ఉంది, పప్పు గిన్నె మీద అన్నం గిన్నె, దాని మీద మూత, మొత్తం ఒక పాత చీర ముక్కలో కట్టేసి అత్త నా చెయ్యి కోసం చూస్తోంది. మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యడం ఆవిడ పద్ధతి, అది కూడా మా వంటింట్లోనే, ఎవరికీ వినపడకుండా. పోయినింటికి వెళ్ళాక ఆవిడ వాక్యం చెప్పదు, పాట అందుకోదు, దేవుడే తీసుకున్నాడని ఓదార్చదు, కంచాలు కడిగి పెట్టి, వాళ్ళు తినేదాకా గోడకు ఆనుకుని కూర్చుని, తిన్నాక గిన్నెలు తోముకుని వచ్చేస్తుంది. వెళ్ళినప్పుడు రెండు మంచి మాటలు చెప్పొచ్చు కదమ్మా అని పాస్టరుగారు ఓసారి మెల్లగా అడిగితే, "ఆకలి మీదున్నోళ్ళకి మాటలెందుకయ్యగారూ, నేను చెప్పాల్సింది పప్పులో కలిపే తీసుకుబోయా" అందట.

"చెయ్యి పెట్టవే," అంటోంది ఇప్పుడు.

"నాకు రావట్లేదత్తా. నువ్వు పోయిన కాణ్ణించీ ప్రార్థన రావట్లేదు. కళ్ళు మూసుకుంటే నిద్రొస్తంది."

"నిద్రన్నా వస్తంది గదా. అదీ రానోళ్ళున్నారు." కొంచెం ఆగి, "మాటలు రాకపోతే మానె. చెయ్యి పెట్టు. మూత కాలితే అయ్యా దేవుడా అని నువ్వే అంటావు" అంటోంది.

చెయ్యి పెడుతున్నాను. మూత కాలడం లేదు. అత్త నవ్వుతోంది, నాకు మాత్రం ఏడుపు వస్తోంది, ఎందుకంటే బతికుండగా ఈ మూత మీద చెయ్యి పెడితే వేలి కొనలు చురుక్కుమనేవి.

చెరో చెవి పట్టుకుని గిన్నె మోస్తున్నాం. బల్లల మధ్య నుంచి నడుస్తుంటే అవే కాలువ గట్టు అయిపోతున్నాయి, కాళ్ళ కింద ఎండిన బురద గట్లు తగులుతున్నాయి, కాలువలో నీళ్ళు లేవు, కాలేజీ గిన్నెలు, గరిటెలు, జల్లెడలు వరసగా బోర్లించి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండ ఉంది గాని సూర్యుడు ఏ వైపున ఉన్నాడో తెలియడం లేదు, మా ఇద్దరిలో నాకొక్కదానికే నీడ పడుతోంది. అది చూడనట్టు నటిస్తున్నాను, అత్త కూడా చూడనట్టు నటిస్తోంది.

"ఉద్యోగం సంగతేందే? చదువు అయిపోవచ్చింది గదా?"

"పెద్ద హోటలు వాళ్ళు వచ్చారత్తా. నలుగురు కూర్చుని అడిగారు, ముందు ముందు ఏం చెయ్యాలనుందీ అని."

"ఏం చెప్పావు?"

"మనిషి పోయిన ఇళ్ళకి వండి పంపే వంటగది పెడతానని చెప్పా."

"ఏమన్నారు?"

"మంచినీళ్ళు కావాలా అని అడిగారు."

అత్త గిన్నె ఒలికిపోయేలా నవ్వుతోంది. "మరి ఇచ్చారా ఉద్యోగం?"

"ఇచ్చారు. కేకుల దగ్గర."

"ఇంకేం మరి. కేకులు తినేవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం పోరా మనుషులు?"

ఆవిడ మాట తీరే అంత, దేన్నీ పెద్దది చెయ్యదు. నేను ఆ వంటగది కోసమే ఇంటర్ అవగానే విశాఖపట్నం వచ్చి ఈ వంటల కోర్సులో చేరాను. నా తోటివాళ్ళు ఓడల్లో ఉద్యోగాలంటారు, దుబాయంటారు, టీవీలో వంటలంటారు, నాకు మాత్రం కళ్ళు మూసుకుంటే ఎవరిదో ఒక ఇల్లు, తలుపు ఓరగా తీసి ఉండటం, లోపల ఎవరూ దీపం వెయ్యకపోవడం, నేను గిన్నెతో గుమ్మంలోకి వెళ్ళడం, అదే కనిపించేది. దేవుడు నన్ను పిలిచింది అందుకేనని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు నమ్మడం లేదని అత్తతో చెప్పాలి. చెప్పాలనుకుంటూనే గట్టు వెంబడి చాలా దూరం నడిచేస్తున్నాను.

"మీ కింద ఇంట్లో ఎవురో పోయారంట గదా?" అంటోంది అత్త.

"నీకెట్టా తెలిసింది?"

"మాకు తెలవకపోతే ఎవురికి తెలుస్తదే? నిన్ననే వచ్చాడు. పొడుగాయన, పాపం చెవిలో మిషను మర్చిపోయి వచ్చాడు, ఎవురు పలకరించినా ఆఁ ఆఁ అంటన్నాడు."

ఆయన మా ఇంటి ఓనరు, సుబ్బారాయుడుగారు. ఆ ఇంటి డాబా మీది గదిలోనే నేను అద్దెకుంటున్నాను. నిన్న పొద్దున్నే పోయారు, సాయంత్రం తీసుకెళ్ళిపోయారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు, కూతురు బిలాస్‌పూర్ నుంచి రైల్లో వస్తోంది, కింద ఆయన భార్య కామేశ్వరి ఆంటీ, ఆయన అక్కగారు, ఇద్దరు ముసలివాళ్ళే మిగిలారు.

"మరి ఏం పట్టుకెళ్ళావు?" అంటోంది అత్త.

"ఏం పట్టుకెళ్ళలేదు."

"అదేందే?"

"వాళ్ళు ఉల్లిపాయ కూడా తినరత్తా. నేనున్నన్నాళ్ళలో నా చేతిది ఏదీ ఆ గడప దాటలేదు. పరీక్షకని చేసిన కేకు పట్టుకెళితే గుడ్డుంటుంది కదమ్మా అని గుమ్మంలోనే తిప్పి పంపారు. గుడ్డు లేకుండా చేసి పట్టుకెళితే, ఎందుకమ్మా నీకు శ్రమ అని మళ్ళీ తిప్పి పంపారు. ఇప్పుడు పోయినింటికి నా చేతి అన్నమా?"

"తినకపోతే తిరిగి తెచ్చుకుంటాం. గిన్నె మనదే గదా."

"నీకు సిగ్గనిపించదా?"

"నన్నెంతమంది తిప్పి పంపలా? పట్టుకెళ్ళటం మన పని, తినటం వాళ్ళ పని. రెండూ మనమే చెయ్యాలనుకుంటేనే సిగ్గు."

ఇక ఆగలేకపోతున్నాను. గిన్నె చెవి వదిలేస్తున్నాను, నేను వదిలినా గిన్నె ఒరగడం లేదు, అత్త ఒక్క చేత్తోనే పట్టుకుని నిలబడింది. "అది కాదత్తా అసలు సంగతి," అంటున్నాను. "నువ్వు పోయిన రోజు మనింటికి ఎవరూ తేలేదు."

"ఏం తేలేదు?"

"అన్నం."

అత్తకు అర్థం కానట్టుంది. నేను చెబుతున్నాను, గట్టు మీద నిలబడి, ఏడాదిగా ఎవరికీ చెప్పనిది, ఊరంతా వచ్చారని, పాటలు పాడారని, సమాధుల దొడ్డిలో తలా గుప్పెడు మట్టి వేశారని, నన్ను ఇంటిదాకా దిగబెట్టి తల నిమిరి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారని, నేను చాప మీద కూర్చుని తలుపు తీసిపెట్టి వీధిలో చెప్పుల చప్పుడు వింటూ ఉన్నానని, ప్రతి చప్పుడూ మా గుమ్మం దాటి ముందుకే పోయిందని. అన్నం కోసం కాదత్తా అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "అబద్ధం ఎందుకు, అన్నం కోసమే" అంటున్నాను. "చెడ్డ ఆకలేసింది. నువ్వు పోయావన్న ఏడుపు కంటే ఆకలే ఎక్కువుంది. వండుకుందామంటే పొయ్యి వెలిగించకూడదాయె."

"పక్కింటి దానియేలు పెళ్ళాం కూడా రాలా?"

"రాలేదు."

"వాళ్ళ నాయన పోయినప్పుడు వానలో అన్నం మోసుకెళ్ళా."

"తెలుసు. నేనే గొడుగు పట్టింది."

"మరి ఏం తిన్నావే?"

"నీళ్ళు తాగి పడుకున్నా. తరవాత నీ పేరున పెట్టిన ఆదరణ కూటం భోజనాలకి మాత్రం అందరూ వచ్చారులే. కోడి పలావు బాగుందన్నారు, మిగిలింది గిన్నెల్లో పెట్టుకుని మరీ పట్టుకెళ్ళారు. ఇన్నేళ్ళు మోసి మోసి నువ్వు సంపాదించింది ఇదా అనిపించింది. దేవుడన్నా ఎవర్నో ఒకర్ని లేపి పంపాలి గదా, ఆయనా పంపలేదు. అందుకే నాకు ప్రార్థన రావట్లేదు. ఆ వంటగదీ వద్దు, ఏమీ వద్దు. కేకుల మీద పూలు పెట్టుకుంటా కూర్చుంటా."

అత్త గిన్నె గట్టు మీద దించుతోంది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది, కొంగు ముఖానికి తగులుతోందో లేదో నాకు తెలియడం లేదు. అటువైపు బోర్లించిన గిన్నెల మీద ఎండ కదులుతోంది, లేదా గిన్నెలే కదులుతున్నాయి.

"వాళ్ళు చెడ్డోళ్ళు కాదే," అంటోంది చివరికి. "మనిషి పోతే అన్నం సంతోషమ్మ తెస్తదిలే అనుకోటం ఊరికి అలవాటైపోయింది. ఆ రోజు కూడా ఎవురింట్లో వాళ్ళు అట్టాగే అనుకోని ఉంటారు. పెట్టెలో పండుకుంది సంతోషమ్మేనని గుర్తుకొచ్చుండదు."

"అంత తెలీకుండా ఉంటారా?"

"ఉంటారు. ఆ అలవాటు చేసింది నేనే." ఆవిడ గొంతు తగ్గుతోంది. "దానియేలు పెళ్ళాం ఎన్నిసార్లు అడిగిందీ, అత్తా ఈ పూట అన్నం నేనొండుతా, నువ్వు పప్పు చెయ్యి అని. రానిచ్చానా? నీ అన్నం ముద్దవుద్దిలే అని పంపేశా. ఇంకోళ్ళు చెయ్యేస్తే నాకు నచ్చేది కాదు. ఊరు నా కోసం వీధి వైపు చూట్టం నాకు బాగుండేది. దేవుడి పని అంటా నా గొప్ప నేను మోసుకు తిరిగా. ఒకళ్ళింటి నుంచి గిన్నెడు మజ్జిగ కూడా పుచ్చుకోలా నేను. పెట్టటం ఒక్కటే నేర్చుకుని, పెట్టించుకోటం నేర్చుకోకపోతే ఇట్టాగే అవుద్ది. అది కాస్తా నీ నెత్తిన పడింది."

ఇన్నాళ్ళూ ఊరి మీద, దేవుడి మీద దాచుకున్న కోపం పట్టుకోవడానికి చోటు లేక చేతుల్లోంచి జారుతోంది, అది జారుతుంటే మరీ ఒంటరిగా ఉంది, కనీసం ఆ కోపమైనా ఇన్నాళ్ళు నాకు తోడుండేది.

"లే, చల్లారిపోద్ది," అని అత్త మళ్ళీ గిన్నె ఎత్తుతోంది, నేను రెండో చెవి పట్టుకుంటున్నాను.

"ఎవరింటికత్తా పోతున్నాం?"

"వచ్చేశాం."

గట్టు దిగి సందులోకి తిరుగుతున్నాం. సందుకు రెండు వైపులా మనుషులు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి ఉన్నారు, చేతులు ఖాళీగా వేలాడేసి, మేం వెళుతుంటే దారి ఇస్తూ, సంతోషమ్మ తెస్తోందిలే అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుంటున్నారు. వాళ్ళ మీద కోప్పడదామనుకుంటే ముఖాల్లో దిగులు నిజంగానే కనిపిస్తోంది. చివరి ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల దీపం లేదు. చాప మీద ఒకమ్మాయి మోకాళ్ళ మీద తలపెట్టుకుని కూర్చుని ఉంది, ఆ అమ్మాయి నేనే, మట్టి చేసి వచ్చిన రోజు వేసుకున్న తెల్ల చుడీదారే, పాదాలకు ఇంకా ఆ మట్టి ఉంది.

అత్త గిన్నె దించి కంచం కడిగి పెడుతోంది. మూత తీస్తోంది. అన్నం మీద పప్పు వేసి, ముద్ద పట్టేలా కొంచెం కలిపి, కంచం ఆ అమ్మాయి ముందుకు జరుపుతోంది. ఆ అమ్మాయి తలెత్తడం లేదు.

"దాన్ని పిలువు," అంటోంది అత్త నాతో.

"నువ్వే పిలువత్తా. నువ్వు పిలిస్తే వెంటనే లేస్తుంది."

"నేను పోయినదాన్నే తల్లీ. నా మాట దానికెట్టా వినపడుద్ది? నువ్వు బతికున్నావు, నువ్వు పిలువు."

అత్త గోడకు ఆనుకుని కూర్చుంటోంది, ఎప్పటిలాగే, వాళ్ళు తినేదాకా కూర్చున్నట్టు. గోడ ఆవిడలోంచి కొంచెం కొంచెం కనిపిస్తోంది. నువ్వు వెళ్ళకు అనాలని ఉంది, కానీ ఉన్న ఒక్క మాట దానికి ఖర్చు పెడితే ఈ అమ్మాయిని పిలవడానికి ఇంకేం మిగలదని ఎందుకో తెలుస్తోంది. చాప దగ్గర కూర్చుంటున్నాను. బలమంతా కూడదీసుకుని, "తిన్నావా అమ్మా?" అంటున్నాను, ఆ అమ్మాయి మోకాళ్ళ మీద నుంచి తల ఎత్తడం మొదలుపెడుతోంది.

మెలకువ వచ్చేసింది.

తెల్లవారింది. గదిలో ఎవరూ లేరు, ఉండరని తెలిసినా ఓసారి గోడ వైపు చూశాను. వెనక అపార్ట్‌మెంటులో కుక్కర్లు కూస్తున్నాయి, ఎవరింట్లోనో దోసె పోస్తున్నారు. డాబా పిట్టగోడ మీద నుంచి కిందికి చూస్తే గేటుకు తగిలించిన సంచిలో నిన్నటి పాల ప్యాకెట్టు, ఇవాళ్టి పాల ప్యాకెట్టు రెండూ అలాగే ఉన్నాయి. ఇంత వీధిలో ఆ సంచీ ఎవరికీ కనబడలేదా అనుకున్నాను. బంధువులు చూసుకుంటారని వీధి, వీధి చూసుకుంటుందని బంధువులు అనుకుని ఉంటారు. నేనూ అలా అనుకున్నదాన్నే.

బియ్యం కడిగాను. పప్పు పెట్టాను. దించాక మూత మీద చెయ్యి పెడితే బాగా కాలింది.

గిన్నె పట్టుకుని మెట్లు దిగాను. తలుపు తీసింది అక్కగారు, నిద్ర లేని కళ్ళతో నన్నూ గిన్నెనూ మార్చి మార్చి చూసింది. చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారే వచ్చేశాయి. "ఉల్లిపాయ, వెల్లుల్లి వెయ్యలేదండి. గిన్నె కూడా కొత్తది. తినకపోయినా ఏమీ అనుకోనండి, అక్కడ పెట్టేసి వెళ్ళిపోతాను."

ఆవిడ వద్దనడానికి మాట వెతుక్కుంటోందేమో అనుకుని గిన్నె నా వైపుకే కొంచెం లాక్కున్నాను. లోపలి గదిలోంచి కామేశ్వరి ఆంటీ గొంతు వినిపించింది, రాత్రంతా ఏడ్చిన గొంతు.

"ఎవరొదినా?"

"మేడ మీద పిల్ల. అన్నం తెచ్చింది."

చేతులు కాలుతున్నా గిన్నె దించడానికి ధైర్యం చాలలేదు.

"తను తిందో లేదో అడుగు."

అక్కగారు నా వైపు తిరిగింది. "తిన్నావా అమ్మా?"

ఎవరు ఎప్పుడు అడిగినా తిన్నానండి అనేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఆ మాట అప్పటికే నాలుక మీదికి వచ్చేసింది.

"లేదండి," అన్నాను. "నిన్నటి నుంచీ ఏమీ తినలేదు."

ఆవిడ గుమ్మంలోంచి పక్కకు జరిగి, లోపలికి చూస్తూ చెప్పింది, "లే కామేశ్వరీ. మూడు కంచాలు పెడుతున్నాను."